కొన మీద బొటనవేలు

ఒంగోలు కర్నూలు రోడ్డులో ఉడకబెట్టిన స్వీట్ కార్న్ అమ్మే ఆవిడ ఒకావిడ ఉంది. పొత్తుల సంచి తీసుకెళ్ళి ఆవిడ బండి పక్కన దించితే, పొత్తు ఎంత లావుందో చూడదు, ఎంత పొడుగుందో చూడదు. ఎడమచేత్తో మొదలు పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో కొన దగ్గర పీచు పక్కకి నెట్టి, రెండు వేళ్ళ వెడల్పున పైడొప్ప విప్పుతుంది. బాగుంటే బండి మీదికి, లేకపోతే నేల మీదికి. ఒక్కో పొత్తుకి రెండు సెకన్లు కూడా పట్టదు. మేం ఎనభై రోజులు పడ్డ పాట్లన్నీ ఆ బొటనవేలి కింద తేలిపోతాయి.

మొదటిసారి సంచిలో మూడో వంతు కింద పడేసింది. "కొనలో చిన్న పురుగే గదమ్మా, కోసేసి ఉడకబెడితే తెలీదు" అన్నాను. "మీకు తెలీదు. పిల్లోడికి కొనిచ్చిన తల్లికి తెలుస్తది" అంది. నేనింకేం మాట్లాడలేదు.

నేను ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర పనిచేస్తాను. చీమకుర్తి గ్రానైట్ వాళ్ళ జీఎస్టీ రిటర్నులు వేయడం నా పని. రాయనిది జరగనట్టే అనే లోకం మాది. సేద్యం మా చిన్నాన్నది. నాగులుప్పలపాడు మండలంలో మా ఊరు. నల్లరేగడి నేల. పొగాకు, శనగ, అక్కడక్కడా జొన్న, మిరప. ఆయన పొగాకు వేసే చేలో రోడ్డు వైపు ఇరవై సెంట్లు నాకిచ్చి, "ఏదో స్వీట్ కార్న్ అంటివిగా, ఏసుకో, నేను చూస్తుంటాలే" అన్నాడు. నేను ఆదివారం ఆదివారం వెళ్ళేదాన్ని. మిగతా ఆరు రోజులూ ఆయనే చూసేవాడు. నేను వెళ్ళినప్పుడల్లా ఒక నోటుబుక్కులో ఏ పురుగు, మొక్కలో ఎక్కడ, వంద మొక్కల్లో ఎన్నింటికి అని రాసేదాన్ని. ఆ పుస్తకం ఇప్పుడు నా ముందుంది. మట్టి మరకలు, ఒకచోట నలిగిన పేనుబంక (ఆకు రసం పీల్చే చిన్న పురుగు) మరక కూడా.

విత్తనం వేసింది 2023 నవంబరు 19న. తేదీ ఎందుకు గుర్తుందంటే ఆ మధ్యాహ్నమే అహ్మదాబాదులో వరల్డ్ కప్ ఫైనల్. మ్యాచ్ మొదలయ్యే లోపు అయిపోవాలని కూలీలు పరుగులెత్తి పెట్టారు. మ్యాచ్ పోయింది. పదహారు రోజులకి, డిసెంబరు 5న, మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. విత్తనమూ పోయింది. చేలో మూడు రోజులు నీళ్ళు నిలబడ్డాయి. మామూలు మొక్కజొన్న అయితే కొంతన్నా తట్టుకునేదేమో. స్వీట్ కార్న్ గింజ చూశారుగా, ఎండు ద్రాక్షలా ముడతలు పడి ఉంటుంది. తీపి ఎక్కువ, పిండి తక్కువ. మొలకకి దాచుకున్న తిండే కొంచెం కాబట్టి తడి నేలలో తేలిగ్గా కుళ్ళిపోతుంది. మా ఒక్కళ్ళదే కాదు, చుట్టుపక్కల కొన్ని శనగ చేలు, పొగాకు నాట్లు కూడా పోయాయి. పోయినవాళ్ళు మళ్ళీ వేశారు. మేం డిసెంబరు 17న బోదెలు తోలి మళ్ళీ పెట్టాం. రెండో కిలో విత్తనం కొనేటప్పుడు చేతులు వణికాయి.

ఈ రెండోసారి వేయడం గురించి ఎందుకు చెబుతున్నానంటే, నా పుస్తకంలో సగం పురుగులు దానివల్లే వచ్చాయని నా అనుమానం. మా మొక్కజొన్న పీచు వేసే వేళకి పక్కన శనగ పండుతోంది. అవతల పొగాకు ఆకు కోతకొచ్చింది. గట్టు మీద జొన్న గింజ గట్టిపడుతోంది. చుట్టూ ఉన్న పంటలన్నీ ఆకు ముదిరి ఎండే సమయంలో మధ్యలో మా ఇరవై సెంట్లు మాత్రం లేతగా, పచ్చగా, తియ్యగా ఉన్నాయి. రాత్రి ఎగిరే రెక్కల పురుగుకి ఇంకేం కావాలి?

మొదటి నమోదు డిసెంబరు 24. మొలకలు వచ్చి ఒకటి రెండు రోజులే. వరసలో నాలుగు మొలకలు కత్తెరతో కోసినట్టు మొదట్లో తెగి పడున్నాయి. చిన్నాన్న పక్కన మట్టిపెళ్ళ తిరగేస్తే బొద్దుగా, జిడ్డు నలుపు పురుగొకటి చుట్టచుట్టుకుని పడుకుని ఉంది. రాత్రి కొరకడం, పగలు నిద్ర. ఆయనకి అది పొగాకు నాట్లలో పాత పరిచయం. చెప్పు కింద నలిపేశాడు. అలాంటివి ఆ ఏడాది పదో పదిహేనో, అంతకంటే లేవు. వారం తర్వాత ఇంకోటి: మొవ్వు వాడిపోయి, లాగితే చేతికొచ్చి, వాసన కొట్టే మొక్కలు. "మొవ్వు ఈగ. జొన్నలో వచ్చేదే. దీనికీ వస్తదన్న మాట" అన్నాడు ఆశ్చర్యంగా. వందకి రెండు. పీకేశాం.

డిసెంబరు 31న అసలు కథ మొదలైంది. పద్నాలుగు రోజుల పైరు. ఆకుల మీద అక్కడక్కడా పచ్చదనం గీకేసినట్టు తెల్లటి పొరలు, గాజు కిటికీల్లాగా. "లద్దె పురుగు గదా, పొగాకులోంచి వచ్చుంటది" అన్నాడు చిన్నాన్న. ఆయన నలభై ఏళ్ళుగా పొగాకు నారుమళ్ళలో చూస్తున్న పురుగది. పొగాకు లద్దె పురుగు అని పేరే ఉంది దానికి. మగ రెక్కల పురుగుల్ని పట్టే లింగాకర్షక బుట్టలు ఇంట్లో ఉంటే రెండు తెచ్చి మొక్కజొన్నలో పెట్టాడు. మర్నాటికి బుట్ట నిండా పడ్డాయి. మాకు ధైర్యం వచ్చింది. కానీ ఆకుల మీద కిటికీలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి.

రైతు భరోసా కేంద్రంలో పనిచేసే అమ్మాయి వచ్చి చూసి నవ్వింది. "బుట్టలో ఎర పొగాకు లద్దె పురుగుది సార్. మీ మొక్కల సుడిలో, అదే, నడిమధ్యన చుట్టుకున్న లేతాకుల్లో ఉన్నది కత్తెర పురుగు. అన్నదమ్ముల పిల్లలే, కానీ ఒకళ్ళ వాసనకి ఇంకొకళ్ళు రారు." అప్పటిదాకా మేం పక్క చేనుల్లో మగ పురుగుల్ని పిలిచి పట్టుకున్నామన్నమాట, మా శత్రువుని వదిలేసి. ఆమె ఒక పురుగుని అరచేతిలో పెట్టుకుని చూపించింది. తల మీద తిరగేసిన ఇంగ్లీషు వై అక్షరంలా తెల్లగీత. తోక చివరికి కొంచెం ముందు, చతురస్రానికి నాలుగు మూలల్లో పెట్టినట్టు నాలుగు నల్లచుక్కలు. ఈ రెండు గుర్తులూ ఉంటే కత్తెరే. చిన్నాన్న కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చాలాసేపు చూశాడు. "నలభై ఏళ్ళలో ఈ నాలుగు చుక్కలు నేను చూళ్ళా" అన్నాడు.

చూడకపోవడం ఆయన తప్పు కాదు. అది అమెరికా ఖండాల పురుగు. 2016లో ఆఫ్రికాలో బయటపడింది, మన దేశంలో 2018 మేలో కర్ణాటక శివమొగ్గ దగ్గర మొక్కజొన్నలో మొదటిసారి కనిపించింది. అదే ఏడాది మన రాష్ట్రానికీ వచ్చేసింది. రెక్కల పురుగు గాలివాటున ఒక్క రాత్రిలోనే చాలా దూరం పోగలదు. ఆడది తన బతుకులో వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది. కుప్పలుగా పెట్టి, తన ఒంటి నూగే పైన దుప్పటిలా కప్పుతుంది. రెండు మూడు రోజుల్లో పగిలి, బయటికొచ్చిన పిల్లలు సాలీడులా దారం వదిలి గాల్లో తేలుతూ పక్క మొక్కల మీదికి పోతాయి. ఇదంతా నేను తర్వాత చదువుకున్నాను. ఆ రోజుకి మాత్రం నా పుస్తకంలో "కత్తెర, సుడి, వందకి పదకొండు" అని రాసి, కింద రెండు గీతలు కొట్టాను.

ఇక్కడ మేం చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. ఆ అమ్మాయి వేపనూనె కొట్టమంది, 1500 పీపీఎంది, లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు. పురుగు చిన్నది కాబట్టి చాలంది. మేం సరే అని తలూపి, మందుల కొట్టుకి పోయాం. ఏ కొట్టో ఎందుకులెండి. ఆయన పురుగు పేరు కూడా పూర్తిగా వినకుండా మూడు సీసాలు తీసి బల్ల మీద పెట్టాడు. మూడూ కలిపి కొట్టండి, చేను అద్దంలా ఉంటది అన్నాడు. నేను బిల్లు అడిగితే తెల్లకాయితం మీద రాసిచ్చాడు, నా ఉద్యోగానికి ఇంతకంటే అవమానం లేదు. కొట్టాం. వారం రోజులు చేను నిజంగానే అద్దంలా ఉంది. చీమ కూడా లేదు.

జనవరి 14, భోగి రోజు. ఇంట్లో అందరూ పిల్లలకి భోగిపళ్ళు పోసే హడావుడిలో ఉంటే నేను చేలో ఉన్నాను. ఇరవై ఎనిమిది రోజుల పైరు. కొన్ని సుడుల్లో తడి రంపపు పొట్టు లాంటిది కుప్ప పోసి ఉంది. వేలు పెట్టి విప్పితే లోపల పెద్ద కత్తెర పురుగు, ఒక్కటే. ఎక్కడ చూసినా ఒక్కో సుడికి ఒక్కటే. ఎందుకంటే పెద్దదైతే అది తోటి పురుగునే తినేస్తుంది. మనం కొట్టిన మందు సుడి అడుగున పొట్టు కింద దాక్కున్న దానికి తగల్లేదు. మరి ఎవరికి తగిలింది? ఆ జవాబు ఆకుల వెనక ఉంది. నీలం, పచ్చ కలిసిన రంగులో పేనుబంక. మొదటి రెండు వారాలూ వంద మొక్కల్లో మూడో నాలుగో ఉండేవి. ఇప్పుడు నలభై. పేనుని తినే అక్షింతల పురుగులు నా పుస్తకంలో జనవరి 7 వరకు ప్రతి ఆదివారం ఉన్నాయి. 14న సున్నా. ఖాతా పుస్తకంలో ఒక పద్దు కింద ఉన్నట్టుండి సున్నా వస్తే ఎక్కడో దొంగతనం జరిగిందని అర్థం. ఇక్కడ దొంగలం మేమే.

అప్పటినుంచి మూడు సీసాల వైద్యం మానేశాం. సుడిలో ఉన్న పెద్ద పురుగులకి విషపు ఎర పెట్టాం. ఎకరానికి పది కిలోల తవుడు, రెండు కిలోల బెల్లం, కొద్దిగా నీళ్ళు కలిపి ఒక రోజు పులియబెట్టి, వాడే ముందు అరగంటకి వంద గ్రాముల థయోడికార్బ్ కలపాలి. మాకు అందులో ఐదో వంతు: రెండు కిలోల తవుడు, నాలుగొందల గ్రాముల బెల్లం, ఇరవై గ్రాముల మందు. తాటిబెల్లం వాడదామన్నాడు చిన్నాన్న, పిన్ని ఇయ్యలేదు. చేతికి తొడుగులేసుకుని గోలీల్లా చేసి సాయంత్రం పూట ఒక్కో సుడిలో ఒక్కోటి వేశాం. కోళ్ళని రెండు రోజులు గంపల కింద మూశాం. మొక్కకి నడుం వంచి గోలీ వేయడం నాలుగు వరసల దాకా సరదాగా ఉంటుంది. తర్వాత నడుముకి తెలుస్తుంది. అందుకే పెద్ద రైతులు ఇది చేయలేరు, ఇరవై సెంట్లకి సరిపోయే పని ఇది. పురుగు పడ్డ మొక్కలు తగ్గి వందకి నాలుగుకొచ్చాయి. ఒక్కసారి మాత్రం, ఎర తర్వాత మిగిలిన చోట్ల, ఇమామెక్టిన్ బెంజోయేట్ లీటరుకి 0.4 గ్రాములు కలిపి సుడుల్లోకి మాత్రమే కొట్టాం. అంతే.

ఆ నెలలో నాకు బాగా నచ్చిన నమోదు ఒకటుంది. ఒక ఆకు మీద అడ్డంగా, సూదితో కొలిచి గుచ్చినట్టు, వరసగా ఆరు చిల్లులు. పురుగు ఇంత పద్ధతిగా తింటుందా అనుకున్నాను. తర్వాత అర్థమైంది. అది చుట్టచుట్టుకుని ఉన్న లేత మొవ్వుని ఒకే ఒక్కసారి ఈ పక్కనుంచి ఆ పక్కకి తొలిచింది. ఆకు విచ్చుకున్నాక ఆ ఒక్క రంధ్రమే ఆరు చిల్లుల వరసైంది. చిన్నప్పుడు కాగితం మడిచి ఒకచోట కత్తిరించి, విప్పితే పువ్వులొచ్చేవే, అలాగన్నమాట. కాండం తొలిచే పురుగు పని అది. వాటిలో రెండు రకాలు దొరికాయి. ఒకటి ఒంటి మీద చుక్కలున్నది, జొన్న చేలకి పాత చుట్టం. రెండోది లేత గులాబి రంగుది, గుడ్లు ఆకు తొడుగు లోపల దాచి పెడుతుంది, అందుకే బయటికి తెలీదు. చలికాలం పంటలో ఎక్కువగా వచ్చేది ఈ గులాబిదే. మొవ్వు ఎండిన మొక్కలు చీల్చి చూస్తే మాకూ అవే ఎక్కువ కనిపించాయి. ఒకదాని పక్కన బియ్యపు గింజల్లా తెల్లటి గూళ్ళు గుత్తిగా ఉన్నాయి, పురుగు మాత్రం ఒట్టి తోలు. దాన్ని లోపలినుంచి తిన్న సన్నటి కందిరీగల గూళ్ళవి. చిన్నాన్నని పిలిచి చూపించాను. "మనకంటే ముందే ఎవరో మందు కొట్టారు" అన్నాడు.

అక్షింతల పురుగులు జనవరి చివరికి మళ్ళీ వచ్చాయి. ఎక్కడినుంచో తెలీదు, శనగ చేలోంచో ఏమో. వాటితో పాటు మొసలి పిల్లల్లాంటి నల్లటి, ముళ్ళ ముళ్ళ పురుగులు పేనుబంకలో తిరుగుతున్నాయి. నేను వెళ్ళేసరికి చిన్నాన్న వాటిని వేళ్ళతో నలుపుతున్నాడు, డెబ్బై ఎనభై నలిపానని గర్వంగా చెప్పాడు. అవి అక్షింతల పురుగు పిల్లలు. తల్లి ఎర్రగా, గుండ్రంగా, పెళ్ళిలో చల్లిన అక్షింతలా ముద్దొస్తుంది. బిడ్డని చూస్తే ఎవరికీ దయ కలగదు. పేనుని తినడంలో మాత్రం ఆ బిడ్డ తల్లికేం తీసిపోదు. "ముందే చెప్పకపోతివి" అన్నాడు, చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ. నాకూ అప్పుడే తెలిసింది మరి.

మొక్క తల మీద జల్లు (మగపూత) వేశాక పేనుబంక అక్కడికి ఎక్కింది. జల్లు మీద తేనెలాంటి జిగట, దాని కోసం చీమలు, ఆ జిగట మీద మసి. ఇంకో పక్క తెల్లవారుజామున పుప్పొడి కోసం తేనెటీగలు. మొక్కజొన్నకి తేనెటీగతో పనిలేదు, గాలి చాలు. కానీ తేనెటీగకి మొక్కజొన్న పుప్పొడి కావాలి. జల్లు మీద మందు కొట్టకపోవడానికి నాకు అది ఒక్కటే కారణమైనా చాలేది. నల్ల రెక్కల మీద నారింజ పట్టీలున్న పెంకు పురుగులు కూడా వచ్చాయి. పిన్ని ఒకదాన్ని చేత్తో తీసి విసిరేసింది, సాయంత్రానికి వేలి మీద బొబ్బ లేచింది. దాని ఒంట్లో ఉండే రసం పని అది. బంగారు పచ్చ రంగులో మెరిసే పెంకు పురుగు ఒకటి పీచు మీద కూర్చుని నగలా ఉండేది. మిడతలు, తామర పురుగులు, ఆకు మీద పక్కకి నడిచే చిన్న దోమలు, పేరు దొరకనివి ఏడెనిమిది. "పచ్చది, మీసం పొడుగు" అని రాసుకున్నవి ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

పుస్తకం మొత్తం మీద ముప్ఫై ఒక్క రకాలు. మొక్కని తినేవి పంతొమ్మిది. ఆ పంతొమ్మిదిలో మాకు డబ్బు నష్టం చేసినవి ఎన్ని అని ఆఖరున లెక్క తీస్తే మూడు. కత్తెర, గులాబి, ఇంకోటి.

ఆ ఇంకోటి వచ్చింది ఫిబ్రవరి 11న. పీచు తెల్లగా, పట్టుకుచ్చులా బయటికొచ్చిన వారం. ఒక్కో పీచు మీద ఒక్కో గుడ్డు, గసగసాల గింజంత, లేత పసుపు. కుప్ప కాదు, ఒంటరి గుడ్లు. శనగపచ్చ పురుగు. పేరులోనే ఊరుంది. ప్రకాశం జిల్లాలో శనగ వేసిన ప్రతివాడికీ దీనితో వైరం ఉంటుంది. అవతల శనగ కాయలు గట్టిపడి ఆకు పసుపెక్కుతుంటే, ఆ రెక్కల పురుగులు మా పీచు వాసన పట్టాయి. పేరు పచ్చ అని గానీ మా పొత్తుల్లో పచ్చవి, గోధుమరంగువి, ఒకటి గులాబిది కూడా దొరికాయి. రంగు చూసి గుర్తుపట్టాలంటే కష్టం. పొదిగిన పిల్ల పీచు తింటూ లోపలికి దిగి, కొనలో గింజలు తింటుంది. ఇవీ ఒకదాన్నొకటి తినే జాతే కాబట్టి పొత్తుకి ఒకటి మిగులుతుంది. ఆ ఒక్కటీ సరిగ్గా బండావిడ బొటనవేలు పడే చోటే ఉంటుంది.

పశువుల దాణాకో కోళ్ళకో పోయే మొక్కజొన్న అయితే కొనలో అంగుళం పోయినా ఎవడూ అడగడు, గింజ ఒలిచి తూకం వేస్తారు. స్వీట్ కార్న్ పొత్తుగానే అమ్ముతాం. అంగుళం పోయినా పొత్తంతా పోయినట్టే. పైగా పీచు వచ్చిన ఇరవై రోజులకి, పాలు పోసుకున్న గింజ మీదే కోసేయాలి, కోసిన రోజే అమ్మేయాలి, ఆలస్యమైతే తీపి పిండిగా మారుతుంది. మధ్యలో మందు కొడితే అది తినే పిల్లవాడి దాకా పోతుంది. కొట్టు ఆయన "ఏం కాదు, డొప్పలుంటాయిగా" అన్నాడు. పురుగు పీచు వెంట లోపలికి పోగలిగినప్పుడు మందెందుకు పోదు?

కాబట్టి కూర్చుని గుడ్లు తుడిచాం. అవును, చేత్తో. తడిగుడ్డ పట్టుకుని నేనూ పిన్నీ ఇద్దరు కూలీలూ వరస వరసకీ పోయి పీచు మీద తుడుచుకుంటూ వచ్చాం. ఊళ్ళో వాళ్ళు గట్టు మీద నిలబడి "మొక్కజొన్నకి ముక్కు తుడుస్తున్నారా" అని అడిగిపోయారు. ట్రైకోగ్రామా కార్డులు దొరుకుతాయేమో అడిగాం, గుడ్లలోనే తన గుడ్డు పెట్టే కందిరీగ అది. అవి వచ్చేసరికి మా పీచు ఎండి నల్లబడింది. ఎండిన పీచు మీద ఎలాగూ గుడ్లు తగ్గుతాయి. కొనకి డొప్ప బిగుతుగా ఉన్న పొత్తుల్లో పురుగు తక్కువ, నోరు తెరుచుకున్న పొత్తుల్లో ఎక్కువ. ఈసారి విత్తనం కొనేటప్పుడు తీపి గురించి కాదు, డొప్ప కొన దాకా మూసుకుంటుందా అని అడగాలని పుస్తకం అట్ట మీద రాసి పెట్టుకున్నాను.

కొరికిన కొనల్లో ఇంకో గుంపు కాపురం పెట్టింది. పిన్నీసు తలంత గోధుమరంగు పెంకు పురుగులు, పులిసిన వాసన ఎక్కడుంటే అక్కడికి వస్తాయి. ఇవి దొంగలు కాదు, తలుపు తీసున్న ఇంట్లోకి వచ్చినవి. కత్తెర పురుగులు కూడా కొన్ని సుడి వదిలి పొత్తుల్లోకి చేరాయి, అవి పక్కనుంచి డొప్పకే చిల్లు పెట్టి దిగుతాయి. రామచిలకల సంగతి రాయను, అవి పురుగులు కాదు, వాటి మీద కోపం ఇంకా తగ్గలేదు.

మార్చి 3న మొదటి కోత. మంచులో, తెల్లవారక ముందే. ఆరు వేల పైచిలుకు మొక్కల్లో అమ్ముడైనవి నాలుగు వేల మూడొందల ఎనభై పొత్తులు. బండ్ల వాళ్ళకి ఎనిమిది రూపాయల చొప్పున కొన్ని, మిగతావి కూరగాయల మార్కెట్లో కిలోల లెక్కన. శివరాత్రికి ముందు రోజు ధర కొంచెం లేచింది. కొన పోయినవి ఏడొందల దాకా ఇంటికే వచ్చాయి. పిన్ని గారెలు వేద్దామంది, స్వీట్ కార్న్ రుబ్బితే పాలల్లే కారిపోతుంది, బియ్యప్పిండి కలిపినా నూనెలో విడిపోయాయి. మూడో రోజుకి ఇంట్లో ఎవరూ పొత్తు మొహం చూడలేదు. చొప్ప మాత్రం గేదెలకి పండగ. కాండాల్లో మిగిలిన గులాబి పురుగుల్ని కూడా చొప్పతోనే నమిలి మింగేశాయి. మోళ్ళు వెంటనే దున్నించాం, లేకపోతే వచ్చే పంట దాకా అందులోనే కాపురముంటాయి.

పెట్టుబడి, రాబడి లెక్క అడుగుతారు మీలో కొందరు. రెండుసార్లు విత్తనం, మూడు సీసాలు, కూలీ అన్నీ పోగా పదకొండు వేలు మిగిలింది. మొదటి విత్తనం తుఫానుకి పోకపోతే ఇంకొంచెం. నా ఆదివారాలు లెక్కలో లేవు.

ఒక పద్దు మాత్రం మా ఇంట్లో ఇంకా తేల్లేదు. ఫిబ్రవరి చివర్లో బాగా బలిసిన కత్తెర పురుగునొకదాన్ని పచ్చడి సీసాలో మట్టి వేసి, రెండు ఆకుముక్కలు పెట్టి, మూతకి గుడ్డ కట్టి గూట్లో పెట్టాను. రెక్కల పురుగు ఎలా బయటికొస్తుందో చూద్దామని. మూడు రోజులకి మట్టిలోకి దిగింది. పది పన్నెండు రోజులు పోయాక చూస్తే సీసాలో ఇంట్లో తిరిగే ఈగ కంటే కొంచెం పెద్ద ఈగ, ఒళ్ళంతా గరుకు వెంట్రుకలు, గుడ్డకి కొట్టుకుంటోంది. రెక్కల పురుగు లేదు. మట్టి తవ్వితే ఎండి నల్లబడ్డ పురుగు తోలు, పక్కన పగిలిన ఎర్ర గింజ లాంటి గూడు. చేలో ఉన్నప్పుడే ఏదో ఈగ దాని మీద గుడ్డు పెట్టి పోయింది. నేను శత్రువుల పేజీలో రాసిన ఆ పురుగు, సీసాలో పడేనాటికే ఒక ఈగకి ఇల్లయిపోయింది.

ఇదంతా చిన్నాన్నకి వివరంగా చెప్పాను. గూడు చూపించాను, తోలు చూపించాను. ఆయన సీసా అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలో పెట్టాడు.

"మూత సరిగ్గా కట్టి ఉండవు తల్లీ. ఈగ దూరింది."